మిరప చుట్టూ జొన్న, గట్టున నువ్వు: సేంద్రియ సాగులో పురుగుకు పంటే అడ్డు

2021 చివరి నెలల్లో పాత గుంటూరు జిల్లా మిరప చేలల్లో పూత విచ్చిన చోటల్లా సన్నని నల్లటి పురుగులు గుంపులుగా కనిపించాయి. ఏటా వచ్చే తామర పురుగే అయి ఉంటుందని తలచిన రైతులు ఏటా కొట్టే మందులే కొట్టారు. వచ్చింది మాత్రం ఆకు కంటే పువ్వులోనే ఎక్కువగా కాపురముండే వేరే జాతి. శాస్త్రజ్ఞులు త్రిప్స్ పార్విస్పైనస్ అని పిలిచే ఈ నల్ల తామర పురుగు మన దేశంలో 2015లో బెంగళూరు ప్రాంతంలో బొప్పాయి మీద తొలిసారి నమోదై, ఆరేళ్లు తిరిగేసరికి కృష్ణా తీరపు మిరపకు చేరింది. పూత రాలిపోయింది, నిలిచిన కాయ వంకర తిరిగింది, మందు మీద మందు మార్చినా ఫలితం లేక చేలను దున్నేసిన రైతులూ ఉన్నారు.

ఈ నేలకు ఇలాంటి అనుభవం కొత్తది కాదు. 1980లలో ఇవే గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పత్తి విస్తరించి, సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల వాడకం పెరిగిన కొద్దీ ముందు తెల్లదోమ, ఆ వెనుక 1987-88లో శనగపచ్చ పురుగు విజృంభించాయి. పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలవరపెట్టింది అప్పుడే. రెండు సందర్భాల మధ్య మూడున్నర దశాబ్దాల దూరం ఉన్నా పొలం రూపం మారలేదు. కనుచూపు మేర ఒకే పంట, అదీ ఒకే వయసు పంట, పురుగును తినే పురుగుకు తలదాచుకునే చోటు లేని పొలం.

సేంద్రియ రైతుకు రసాయన మందు అనే చివరి ఆయుధం ఉండదు. వేపనూనె, కషాయాలు, జిగురు అట్టలు, శనగపచ్చ పురుగుకు వాడే ఎన్‌పీవీ అనే, పురుగుకు జబ్బు తెచ్చే వైరస్ ద్రావణం వంటివి చేతిలో ఉన్నా అవన్నీ పురుగు కొంత తక్కువగా ఉన్నప్పుడే ఆదుకుంటాయి. పురుగు ఆ మేరకు లోబడి ఉండాలంటే విత్తనం వేయకముందే పొలం అమరిక గురించి ఆలోచించి ఉండాలి. పంటల వైవిధ్యం అనే మాట అందుకే సేంద్రియ సాగు శిక్షణల్లో తప్పనిసరిగా వినిపిస్తుంది. అయితే నాలుగు రకాలు కలిపి వేస్తే పురుగు రాదన్న సలహా సగమే నిజం. ఏ పంట ఏ పురుగుకు ఏం చేస్తుందో చూడకుండా కలిపినప్పుడు పురుగు పెరిగిన సందర్భాలు పరిశోధనల్లోనే నమోదై ఉన్నాయి, గుంటూరు పంటల వరుసలో అలాంటి ప్రమాదం మిగతా చోట్ల కంటే ఎక్కువే.

పురుగు పంటను ఎలా వెతుక్కుంటుంది

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ రూట్ క్యాబేజీ జాతికి చెందిన కొలార్డ్ ఆకుకూర మీద చేసిన పరిశీలనలను 1973లో ప్రచురించారు. ఒకే పంటగా వేసిన మడుల్లో ఒక రకం పురుగులు, గడ్డి, ఇతర మొక్కల నడుమ ఉన్న వరుసల్లో మరో రకం పురుగులు కనిపించడానికి ఆయన రెండు కారణాలు ప్రతిపాదించారు. మొదటిది, తనకు ఇష్టమైన తిండి ఒకేచోట దట్టంగా ఉన్నప్పుడు ఆ పురుగు సులభంగా దాన్ని కనిపెడుతుంది, కనిపెట్టాక అక్కడి నుంచి కదలదు, అక్కడే పిల్లలు పెడుతుంది. రెండోది, రకరకాల మొక్కలున్న చోట పుప్పొడి, మకరందం, నీడ, ప్రత్యామ్నాయ ఆహారం దొరకడం వల్ల పురుగును తినే మిత్ర పురుగులు నిలబడతాయి. ఈ రెండు ఊహలూ ఒకే పొలంలో కలిసి పనిచేయవచ్చు, ఒకటి పనిచేసి మరొకటి విఫలం కావచ్చు. అర్ధ శతాబ్దంగా ఈ రంగంలో జరిగిన వాదమంతా వీటి చుట్టూనే తిరిగింది.

బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఫించ్, కాలియర్ 2000లో దీనికి ఇంకా సరళమైన వివరణ ఇచ్చారు. క్యాబేజీని వెతుక్కుంటూ వచ్చే ఈగ వాసన తగలగానే కింద ఉన్న ఏ పచ్చటి ఆకు మీదనైనా వాలుతుంది, కాళ్లతో రుచి చూసి అది తన మొక్కేనా కాదా తేల్చుకుంటుంది, గుడ్డు పెట్టేలోపు ఇలా కొన్నిసార్లు వరుసగా తన మొక్క మీదే వాలితేనే దానికి నమ్మకం కుదురుతుంది. చుట్టూ మట్టి మాత్రమే ఉంటే ప్రతి వాలుడూ క్యాబేజీ మీదే పడుతుంది. నడుమ వేరే పచ్చదనం ఉంటే సగం వాలుళ్లు తప్పుతాయి, ఈగ విసిగి ఎగిరిపోతుంది. కలుపు ఒక్క మొక్క లేకుండా అద్దంలా ఉంచిన చేను చూడముచ్చటగా ఉంటుందన్నది నిజమే గానీ, అలాంటి చేలో పురుగుకు కూడా దారి తప్పే అవకాశం ఉండదు.

ఈ ఊహలు ఎంతవరకు నిలుస్తాయో తేల్చడానికి డేవిడ్ ఆండో 1991లో అప్పటివరకు వచ్చిన ప్రయోగాలన్నిటినీ ఒకచోట చేర్చారు. 287 జాతుల పురుగుల్లో 52 శాతం జాతులు మిశ్రమ పంటల్లో తగ్గాయి. 15 శాతం జాతులు పెరిగాయి. మిగిలినవి మారలేదు, లేదా ఒక్కో ప్రయోగంలో ఒక్కో రకంగా ప్రవర్తించాయి. ఈ అంకెలను ప్రచారానికి వాడేవారు మొదటిదాన్నే చెబుతుంటారు. రెండో అంకె వెనుక ఉన్న విషయం మన ప్రాంతానికి అంతకంటే ముఖ్యమైనది. ఒకే రకం మొక్కల మీద బతికే పురుగుల్లో తగ్గుదల స్పష్టంగా ఉండగా, అనేక పంటల మీద బతకగల పురుగుల్లో అది చాలా బలహీనంగా ఉంది. గుంటూరు చేలల్లో నష్టం చేసే శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు, తెల్లదోమ, తామర పురుగు, పేనుబంక దాదాపు అన్నీ రెండో కోవకు చెందినవే. పుస్తకంలోని క్యాబేజీ ఈగ పాఠాన్ని మిరప చేనుకు యథాతథంగా అన్వయించడం కుదరకపోవడానికి కారణం ఇదే.

మిరప చుట్టూ జొన్న

మిరప చేను చుట్టూ రెండు మూడు సాళ్లు జొన్న, మొక్కజొన్న లేదా సజ్జ ఒత్తుగా వేయాలన్నది వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ఏళ్లుగా ఉన్న సిఫారసు. దీనిని పాటించేవారు కూడా చాలామంది అది కంచె అని మాత్రమే అనుకుంటారు. నిజానికి అది ఏకకాలంలో మూడు పనులు చేస్తుంది, ఆ మూడింటికీ ఒకే అంత బలం లేదు.

మొదటిది అడ్డుకోవడం. పేనుబంక, తామర పురుగు, తెల్లదోమ వంటి చిన్న పురుగులు సొంత రెక్కల బలంతో కంటే గాలివాటున ఎక్కువ దూరం వస్తాయి. మనిషి ఎత్తున ఒత్తుగా ఉన్న జొన్న వరుస గాలి వేగాన్ని తగ్గించి వాటిలో కొన్నిటిని అంచుననే దించేస్తుంది. పక్క చేలో ఎవరైనా మందు కొడితే ఆ తుంపర తమ చేలోకి రాకుండా ఆపడానికి కూడా ఇది సేంద్రియ రైతుకు పనికొస్తుంది. రెండో పని వైరస్‌కు సంబంధించినది. కుకుంబర్ మొజాయిక్ వంటి వైరస్‌లను పేనుబంక నోటి మొనకు అంటించుకుని తెస్తుంది. అది ముందుగా జొన్న మీద వాలి రుచి చూస్తే ఆ కాస్త వైరస్ అక్కడే తుడిచిపెట్టుకుపోతుంది, ఆ తర్వాత మిరప మీదకు వచ్చినా తెగులును మోసుకురాదు. తెల్లదోమ మోసే ఆకుముడత వైరస్ విషయంలో ఈ ఉపాయం పారదు. రైతులు జెమిని వైరస్ అని పిలిచే ఈ తెగులు దోమ శరీరంలోనే రోజుల తరబడి ఉండిపోతుంది కనుక జొన్న మీద వాలినంత మాత్రాన అది పోదు. ఒకే వరుస జొన్న ఒక తెగులును బాగా, మరో తెగులును అరకొరగా ఆపడం వెనుక ఉన్న రహస్యం ఇంతే.

మూడోది తిండి పెట్టడం. జొన్న మీద చేరే పేనుబంక మిరపను తినదు, అయితే ఆ పేనుబంకను తినడానికి అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు చేరతాయి. మొక్కజొన్న పూత, పీచు మీద పుప్పొడి తింటూ పిల్ల తామర పురుగులను వేటాడే ఓరియస్ నల్లులు పెరుగుతాయి. మిరపలో పురుగు పడేనాటికి ఈ సైన్యం పక్కనే సిద్ధంగా ఉండాలంటే జొన్నను మిరప నాటడానికి కనీసం రెండు మూడు వారాల ముందే విత్తాలి. మిరప నాటాక తీరిక చూసుకుని చుట్టూ గింజలు చల్లితే జొన్న మోకాలెత్తు పెరిగేలోపే తొలి తామర పురుగులు చేలో స్థిరపడతాయి. ఇంకొక చిక్కు ఉంది. మిరప ఆగస్టు, సెప్టెంబరులో నాటితే కోతలు ఫిబ్రవరి, మార్చి వరకు సాగుతాయి, జొన్న మూడున్నర నెలల్లో ఎండిపోతుంది. నల్ల తామర పురుగు పూత మీద విరుచుకుపడే నెలల్లో ఎండిన జొన్న దంటు గాలిని ఆపగలదేమో గానీ ఎవరికీ తిండి పెట్టలేదు. పశుగ్రాసపు జొన్న వేసి కోసుకుంటూ తిరిగి చిగురింపజేయడమో, రెండు మూడు వారాల తేడాతో రెండో సాలు విత్తడమో చేసినచోటనే సరిహద్దు చివరి వరకు పచ్చగా ఉంటుంది.

ఇదే తర్కంతో అలసందను మిరప పక్కన వేయమనడం మాత్రం సరికాదు. పత్తిలో అలసంద మంచి పంటే. దాని మీద చేరే నల్ల పేనుబంకకు పత్తి పెద్దగా పనికిరాదు, ఆ పేనుబంకను తిని బలిసిన అక్షింతల పురుగులు పత్తి పేనుబంక మీదకు మళ్లుతాయి. మిరప దగ్గర అదే నల్ల పేనుబంక మొజాయిక్ వైరస్‌ను మోయగల జాతి. పత్తి చేలో మిత్రుడికి పాలు పోసిన పంటే మిరప చేలో తెగులుకు వాహనం సమకూర్చవచ్చు. పంటల జాబితాను ఒక చేను నుంచి మరో చేనుకు చూసి రాసుకోకూడదనడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ దొరకదు.

ఎర పంటకు కాపలా కావాలి

ఎర పంట పద్ధతి పురుగును తరమదు, పిలుస్తుంది. తల్లి పురుగుకు ప్రధాన పంట కంటే ఎక్కువ ఇష్టమైన మొక్కను, అది ఎక్కువ ఇష్టపడే వయసులో, అందుబాటులో ఉంచి గుడ్లు అక్కడ పెట్టించడం దీని సారం. పొగాకు లద్దె పురుగుకు ఆముదం, శనగపచ్చ పురుగుకు బంతి ఎర పంటలని గుంటూరు రైతులందరికీ తెలుసు. ఈ రెండూ ఒకేలా పనిచేయవన్న సంగతి అంతగా తెలియదు.

లద్దె పురుగు తన గుడ్లను వందల సంఖ్యలో ఒకే ముద్దగా ఆముదపు ఆకు అడుగున పెట్టి గోధుమ రంగు నూగుతో కప్పుతుంది. పొదిగిన పిల్లలు కొన్ని రోజుల పాటు ఒకే ఆకు మీద గుంపుగా ఉండి పచ్చదనాన్ని గీకి తింటాయి, ఆకు జల్లెడలా మారుతుంది. వెడల్పాటి ఆముదపు ఆకు మీద ఈ జల్లెడాకును పది అడుగుల దూరం నుంచే గుర్తుపట్టవచ్చు, ఒక్క ఆకు తుంచితే వందల పురుగులు పోతాయి. పొగాకు నారుమళ్ల చుట్టూ ఆముదం వేసే అలవాటు ఇందుకే నిలిచింది. అయితే వారానికి రెండుసార్లయినా ఎవరో ఒకరు గట్టు చుట్టూ తిరిగి ఆ ఆకులు తుంచాలి. తుంచకపోతే ఆ గుంపు నాలుగో రోజుకో ఐదో రోజుకో చెదిరి రాత్రివేళ మిరపలోకి దిగుతుంది, రైతు తన చేతులతో తానే పురుగుకు నారుమడి పోసినట్టవుతుంది. కూలీల ఖర్చు లెక్కలో ఈ తిరుగుడును చేర్చని ఆముదం సలహా పూర్తి సలహా కాదు.

శనగపచ్చ పురుగు గుడ్లను ముద్దగా పెట్టదు, మొగ్గకొకటి పూవుకొకటిగా విడివిడిగా పెడుతుంది. బంతి మీద వాటిని వెతికి ఏరడం మనిషి వల్ల అయ్యే పని కాదు. ఇక్కడ పూలు కోయడమే ఏరివేత. దసరా నుంచి సంక్రాంతి వరకు విజయవాడ, గుంటూరు పూల మార్కెట్లలో బంతికి గిరాకీ ఉండటం వల్ల గుడ్లు, చిన్న పురుగులు గంపల్లో పొలం దాటిపోతాయి, నాలుగు రూపాయలూ చేతికొస్తాయి. ధర లేదని పూలు కోయకుండా వదిలేసిన బంతి సాలు మాత్రం ఆముదం లాగే ఎదురు తిరుగుతుంది. మొక్క వయసు కూడా ముఖ్యం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ టమాటాకు రూపొందించిన పద్ధతిలో ప్రతి 16 సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి ఉంటుంది. అందులో టమాటా నారు 25 రోజులది అయితే బంతి నారు 40 నుంచి 45 రోజులది కావాలి, రెండూ ఒకేసారి పూతకు రావడానికే ఈ తేడా. అదే సంస్థ క్యాబేజీకి చెప్పిన పద్ధతిలో 25 సాళ్ల క్యాబేజీకి రెండు సాళ్ల ఆవాలు వేస్తూ, ఒక సాలును క్యాబేజీ కంటే సుమారు 15 రోజులు ముందు, రెండోదాన్ని 25 రోజులు తర్వాత విత్తమంటారు. ఒకసారి వేసి మరిచిపోయే ఎర ఏదీ పంటకాలమంతా ఎరగా ఉండదన్న ఎరుక ఈ కొలతల్లో ఉంది. మిరప టమాటా కంటే చాలా ఎక్కువ కాలం చేలో ఉంటుంది కాబట్టి బంతిని ఒకే దఫా నాటితే సగం కాలానికే అది ముదిరిపోతుంది.

నల్ల తామర పురుగు వచ్చాక బంతి విషయంలో మరో జాగ్రత్త అవసరమైంది. పూలే నివాసంగా గల పురుగుకు పూల వరుస పక్కనే ఉండటం ఎంతవరకు క్షేమం అన్న అనుమానం సహేతుకమైనదే. బంతి పువ్వుల్లో తామర పురుగులు చేరడం ఎప్పటి నుంచో ఉన్నదే. శనగపచ్చ పురుగు తీవ్రంగా ఉన్న చేలో బంతి లాభం, తామర పురుగు తీవ్రంగా ఉన్న చేలో అదే బంతి భారం కావచ్చు. ఏటా రెండూ వచ్చే గుంటూరులో బంతిని మిరప సాళ్ల నడుమ కాకుండా చేను అంచున వేసి, పూలను వదలకుండా కోసేవారికే దాని వల్ల మేలు ఎక్కువ. నల్ల తామర పురుగుకు పంటల అమరిక ఒక్కటే చాలదని కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. జొన్న, మొక్కజొన్న మీద పెరిగే వేట నల్లులు తోడ్పడతాయి గానీ వాటి సంఖ్య పెరిగే వేగం పురుగు వేగాన్ని అందుకోవడానికి సమయం పడుతుంది.

మాగాణిలో గట్టు

కాలువ కింది మాగాణి సంగతి వేరు. తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల వైపు వరి చేలలో సాళ్ల నడుమ మరో పంట వేయడం కుదరదు, కాబట్టి వైవిధ్యానికి మిగిలిన చోటు గట్టే. వరిలో సుడిదోమ చరిత్ర చూస్తే ఆ గట్టు విలువ అర్థమవుతుంది. ఇండోనేషియాలో మందులు కొట్టిన కొద్దీ సుడిదోమ పెరగడం చూసిన ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల పురుగు మందులను నిషేధించింది. సుడిదోమను సాలీళ్లు, దాని గుడ్లను తినే మిరిడ్ నల్లులు, ఆ గుడ్లలోనే తమ గుడ్లు పెట్టే కంటికి కనిపించనంత చిన్న కందిరీగలు అదుపులో ఉంచుతాయని, మందు వాటినే ముందు చంపుతోందని అప్పటికి తేలింది. ఆ కందిరీగకు తిండి కావలసింది మాత్రం మకరందం. వరి పువ్వులో మకరందం ఉండదు.

చైనా, థాయిలాండ్, వియత్నాం దేశాల్లో నాలుగేళ్ల పాటు జరిపి 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో వరి గట్ల మీద నువ్వు వంటి పూల మొక్కలు పెంచినప్పుడు ముఖ్యమైన పురుగులు తగ్గాయి, మందుల పిచికారీలు 70 శాతం తగ్గాయి, దిగుబడి 5 శాతం పెరిగింది, రైతుకు ఆర్థికంగా 7.5 శాతం మేలు జరిగింది. అవి సేంద్రియ పొలాలు కావు, మందు పూర్తిగా మానేసిన చోట ఇంతే లెక్క వస్తుందని చెప్పలేము. అయినా మందు తగ్గించడానికి ధైర్యం ఇచ్చింది పూల గట్టే అన్నది గమనించదగిన విషయం. కృష్ణా డెల్టా రైతుకు నువ్వు కొత్త పంట కాదు, గట్టు మీద కంది, బెండ వేసుకోవడం కూడా కొత్త కాదు. గట్లను గడ్డి మందుతో ఎండబెట్టే అలవాటు పెరిగాక ఆ పాత సంగతులు కనుమరుగయ్యాయి. వరిలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున కాలిబాటలు తీయమనే సిఫారసు కూడా సుడిదోమకే సంబంధించినది. అది పంటల వైవిధ్యం కిందకు రాకపోయినా, గాలీ వెలుతురూ తగిలేలా దుబ్బుల నడుమ ఖాళీ ఉంచడం కూడా అమరికలో భాగమే.

వరి కోతకు ముందే మినుము చల్లే పద్ధతి కాలంలో వైవిధ్యానికి మంచి ఉదాహరణ. సుడిదోమకు మినుము తిండి కాదు, మినుము మీది మారుకా మచ్చల పురుగుకు వరి తిండి కాదు, ఒక పంట అయిపోగానే దాని పురుగు ఆకలితో పోతుంది. పల్లాకు తెగులును తెచ్చే తెల్లదోమ మాత్రం చుట్టూ ఉన్న కలుపు మీద, కూరగాయల మీద నిలిచి ఉండి మినుముకు చేరుతుంది. వెదజల్లిన మినుములో సాళ్లే ఉండవు కనుక సరిహద్దు జొన్న తప్ప మరే అమరికా సాధ్యపడదు, అక్కడ లాం పరిశోధన కేంద్రం వంటి చోట్ల నుంచి వచ్చే తట్టుకునే రకాలే రైతుకు ప్రధానమైన అండ.

వరి తర్వాత మినుముకు బదులు మొక్కజొన్న వేయడం ఈ ప్రాంతంలో విస్తరించాక, 2018లో కర్ణాటకలో బయటపడి అదే ఏడాది మన రాష్ట్రానికీ వచ్చిన కత్తెర పురుగు కొత్త తలనొప్పి తెచ్చింది. తూర్పు ఆఫ్రికాలో దీనికి బాగా పేరొచ్చిన ఉపాయం ఉంది. మొక్కజొన్న సాళ్ల నడుమ డెస్మోడియం అనే పప్పుజాతి గ్రాసం వేస్తే దాని వాసన తల్లి పురుగును తరుముతుంది, చేను చుట్టూ వేసిన నేపియర్ లేదా బ్రాకియారియా గడ్డి దాన్ని తనవైపు లాగుతుంది. కెన్యా కేంద్రంగా పనిచేసే ఇసిపే అనే కీటక పరిశోధన సంస్థ 2018లో ప్రచురించిన పరిశీలనలో ఇలాంటి పొలాల్లో కత్తెర పురుగు 80 శాతానికి పైగా తగ్గింది. గేదెల కోసం నేపియర్ పెంచే గుంటూరు రైతుకు సగం పద్ధతి ఇప్పటికే తెలుసు. డెస్మోడియం మాత్రం ఏళ్ల తరబడి నేలలో ఉండాల్సిన మొక్క, రెండు వరి పంటల నడుమ వచ్చే నాలుగు నెలల మొక్కజొన్నలో దానికి చోటు లేదు. మెట్టలో, తోటల్లో ప్రయత్నించదగ్గ ఈ పద్ధతిని మాగాణికి మోసుకురావడంలో అర్థం లేదు.

వైవిధ్యం బెడిసికొట్టే చోట

పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జొన్న, కంది మిశ్రమ పంటపై జరిగిన పరిశోధనలు ఈ విషయంలో మంచి గుణపాఠం. జొన్న కంకి మీద పెట్టిన శనగపచ్చ పురుగు గుడ్లను, వాటిలోనే తమ గుడ్లు పెట్టే ట్రైకోగ్రామా కందిరీగలు బాగానే ఆశించాయి. జొన్న కోత తర్వాత పురుగు కందికి మారింది, కందిరీగలు మాత్రం మారలేదు. కంది పూత మీది బంక నూగులో ఆ చిన్న కందిరీగ చిక్కుకుపోతుంది, గుడ్డు వరకు చేరలేదు. పేరులోనే కంది ఉన్న పురుగు కంది చేలో నిలవలేకపోవడం ఒక చమత్కారమే. ఫలితంగా మిశ్రమ పంటలో మిత్రులు జొన్నలో పెరిగారు, శత్రువు కందిలో పెరిగింది, నష్టపోయింది కంది. మిత్ర పురుగు ఒక పంట నుంచి మరో పంటకు నడిచి వెళ్తుందని ముందే అనుకోకూడదు.

శనగపచ్చ పురుగు మన దేశంలో 180కి పైగా మొక్కల మీద బతుకుతుందని నమోదైంది. పాత గుంటూరు జిల్లాలో ఖరీఫ్ పత్తి, ఆ నడుమ మొక్కజొన్న, శీతాకాలం నాటికి కంది పూత, మిరప కాయ, రబీ శనగ, అక్కడక్కడా పొద్దుతిరుగుడు, టమాటా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చూడటానికి ఇది గొప్ప పంటల వైవిధ్యమే. పురుగు వైపు నుంచి చూస్తే ఏడాది పొడవునా విస్తరి ఎత్తని విందు. ఇలాంటి చోట పత్తిలో కంది, మిరప పక్కన శనగ వేసి వైవిధ్యం పాటించామనుకోవడం పొరపాటు. ఈ పురుగు తినని పంట ఒకటి నడుమ రావాలి. కొత్తిమీర, సోంపు, ఉల్లి, వెల్లుల్లి వంటివి మిరప సాళ్ల నడుమ ఇమిడేవి, మొదటి రెండూ చిన్న పూల వల్ల మిత్ర పురుగులకు ఇష్టమైనవి. ఉల్లి, వెల్లుల్లి తమ సొంత తామర పురుగులను పిలవగలవు కనుక వాటి మీద కూడా కన్ను వేసి ఉంచాలి.

గులాబీరంగు పురుగు ఇందుకు పూర్తి భిన్నం. అది ప్రధానంగా పత్తి మీదే బతుకుతుంది, అందుకే పత్తికి విరామం ఇవ్వడం దాని మీద అన్నిటికంటే బలమైన అస్త్రం. డిసెంబరు నాటికి పత్తి తీసేసి, మోళ్లు దున్ని, మరుసటి ఏడు ఆ చేలో వేరే పంట వేస్తే చాలావరకు దాని పీచమణుగుతుంది. చివరి తీత కోసం మార్చి వరకు పత్తిని సాగదీసిన చేలో ఎన్ని అంతర పంటలున్నా ఫలితం కనిపించదు. ఒకప్పుడు పత్తి కాయను తొలిచే మచ్చల పురుగుకు (మినుము మీది మారుకా వేరు) ఎరగా పత్తిలో బెండ వేయమనేవారు, బెండ మీద గులాబీరంగు పురుగు కూడా బతకగలదు కాబట్టి ఆ పాత సలహాను ఇప్పుడు ఆలోచించి పాటించాలి.

గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ 2015-16 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో తొలకరికి ముందే పలు రకాల గింజలు కలిపి చల్లే నవధాన్యాల పద్ధతి ముఖ్యమైనది. అంతకుముందు 2004 నుంచి మహిళా సంఘాల ద్వారా సాగిన మందులు లేని సస్యరక్షణ ఉద్యమమే సరిహద్దు జొన్న, ఎర ఆముదం వంటి వాటిని ఊళ్లకు చేర్చింది. నవధాన్యాలు నేల కోసం ఉద్దేశించినవి. పురుగు లెక్కలో వాటి మేలు పరోక్షమైనది, వేసవి నేలను పచ్చగా కప్పి సాలీళ్లకు, నేల మీద తిరిగే వేట పురుగులకు తావు ఇవ్వడం. ప్రధాన పంట వేసే ముందు వాటిని దున్నేస్తారు కనుక ఆ మిశ్రమంలో బంతి, ఆముదం, అలసంద ఉన్నా, ఎరగా పనిచేయాల్సిన నెలల్లో అవి చేలో ఉండవు. నవధాన్యాలు చల్లాం కనుక సరిహద్దు అక్కరలేదన్న మాట అక్కడక్కడా వినిపిస్తుంది, ఆ రెండూ వేర్వేరు పనులు.

ఆరు సెంట్ల లెక్క

సరిహద్దు సాళ్లకు రైతు సులభంగా ఒప్పుకోకపోవడానికి అజ్ఞానం కారణమని చెప్పడం తేలిక. నేల లెక్క చూస్తే ఆ వెనకడుగు అర్థమవుతుంది. నలుచదరంగా ఉన్న ఎకరం చేను భుజం సుమారు 64 మీటర్లు. చుట్టూ మీటరు వెడల్పున మూడు సాళ్ల జొన్న వేస్తే 250 చదరపు మీటర్లకు పైగా నేల పోతుంది, అంటే ఎకరానికి దాదాపు 6 సెంట్లు. పొడవుగా సన్నగా ఉండే చేలల్లో ఇది ఇంకా పెరుగుతుంది, లోపలి వరుస మిరపకు పడే నీడ నష్టం దీనికి అదనం. మిరపకు ధర పలికే ఏడు 6 సెంట్ల మిరప చిన్న మొత్తం కాదు, ఆ చోటి జొన్న చొప్ప దానికి సాటిరాదు.

ఇదే లెక్కను ఒకచోట ఉన్న నాలుగు ఎకరాలకు వేస్తే చిత్రం మారుతుంది. నాలుగు ఎకరాల నలుచదరపు చుట్టు పొడవు ఎకరం చుట్టు పొడవుకు రెట్టింపే, నాలుగింతలు కాదు. కాబట్టి నలుగురు పక్కపక్క రైతులు కలిసి బయటి అంచున మాత్రమే జొన్న వేస్తే ఒక్కొక్కరి వాటా 3 సెంట్లకు దిగుతుంది. లోపలి గట్ల మీద బంతి, కొత్తిమీర, నువ్వు వేసుకోవడానికి వీలు చిక్కుతుంది, ఆముదం చుట్టూ తిరిగి జల్లెడాకులు తుంచే పని కూడా నలుగురికి పంచుకోవచ్చు. మిత్ర పురుగులకు కూడా గట్టు అనేది మనిషి గీసుకున్న గీతే, కనుక ఒక ఎకరంలో పోషించిన అక్షింతల పురుగులు పక్క చేలో మందు కొడితే అక్కడే రాలిపోతాయి. ఉండవల్లి, పెనుమాక వైపు కూరగాయలు, పూలు, అరటి చిన్న చిన్న కమతాల్లో పక్కపక్కనే ఏడాది పొడవునా ఉండే నేలలో ఎవరూ ప్రణాళిక వేయకుండానే కలిగే మేలు, మెట్ట మిరపలో ఒప్పందం చేసుకుని తెచ్చుకోవాలి.

ఆ ఒప్పందానికి అసలు అడ్డు కౌలు. పల్నాటి మిరపలో కౌలు రైతుల వాటా పెద్దది, కౌలు చాలాచోట్ల ఏడాదికే. ఎకరానికి ఇంత అని ముందే రొక్కం కట్టిన మనిషికి ఆ 6 సెంట్ల కౌలు కూడా ఖర్చే, గట్టు మీద రెండేళ్లు నిలిచే మొక్క నాటడానికి అతనికి కారణం లేదు, పక్క చేను కౌలుదారు వచ్చే ఏడు ఎవరో అతనికి తెలియదు. జొన్నను మిరప నాటు కంటే మూడు వారాల ముందు, అంటే జూలై పదునులో విత్తాలి. కౌలు బేరం తెగడం జూలై దాటితే, సేంద్రియంగా పండించాలన్న సంకల్పం ఎంత గట్టిదైనా, అతని మిరప చుట్టూ జొన్న ఆ ఏడాది వేళకు లేవదు.